డాబా మీది టమాటాకు పొలం మందు వద్దు

గుంటూరులో టమాటా నారు పోయడానికి తగిన కాలం వినాయక చవితితో మొదలవుతుంది. ఈ మాట ముందుగా చెప్పడానికి కారణం ఉంది. ఇంటి మొక్కకు వచ్చే కష్టాలలో చాలావరకు అకాలంలో నాటడం వల్ల, నీరు తప్పుగా పోయడం వల్ల వచ్చేవే. ఆ కష్టాలను మందు సీసాతో తీర్చబోవడం వల్ల మనుషులకు వచ్చే కష్టాలు వేరు. వైద్యుడిగా నాకు ఈ రెండో రకంతోనే ఎక్కువ పరిచయం. అయితే మొదటిది అర్థమైతే రెండోది చాలావరకు తప్పుతుంది కనుక, ఈసారి రోగి నుంచి కాక మొక్క నుంచి మొదలుపెడతాను.

మా బ్రాడీపేటలో చిరునామా అంటే రెండు అంకెలు: లైను ఒకటి, అడ్డరోడ్డు ఒకటి. ఆ అంకెల మధ్య ఒకప్పుడు పెరళ్ళు, వాటిలో కరివేపచెట్లు, బీరపాదులు ఉండేవి. ఇప్పుడు ఆసుపత్రులు, రక్తపరీక్షా కేంద్రాలు, విద్యార్థుల వసతిగృహాలు, అపార్టుమెంట్లు నిండాయి. నేల లేదు కనుక తోటలు డాబా ఎక్కాయి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులోనే టమాటా కిలో 150 రూపాయలు దాటిన తరువాత ఆ డాబాల మీద టమాటా కుండీలు మరింత పెరిగాయి. మరో సంగతి కూడా గమనించాలి. ఇక్కడ కాపురమున్న కుటుంబాలలో చాలామందికి సత్తెనపల్లి వైపో, ప్రత్తిపాడు వైపో, చిలకలూరిపేట వైపో ఇంకా పొలాలున్నాయి. పిల్లల చదువుల కోసం పట్నం చేరారు గాని మిరప, పత్తి వారిని వదలలేదు. ఊరి నుంచి బియ్యం, కందిపప్పు, పచ్చడి మిరపకాయలు వచ్చే సంచిలోనే ఒక్కోసారి మరొక సీసా కూడా వస్తుంది. దాని సంగతి తరువాత చెబుతాను.

టమాటా పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాల పడమటి ప్రాంతం. మెక్సికోలో సాగులోకి వచ్చి, 16వ శతాబ్దంలో ఐరోపా చేరి, ఆపైన పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చింది. కోస్తాలో పెద్దలు దీన్ని రామములగ అన్నారు. చిత్తూరు వైపు తక్కాళి అంటారు. ఎన్ని పేర్లు పెట్టుకున్నా పుట్టింటి వాతావరణాన్ని అది మరచిపోలేదు. పగలు 25 నుంచి 30 డిగ్రీలు, రాత్రి 15 నుంచి 20 డిగ్రీలు ఉంటే పూత చక్కగా పిందె కడుతుంది. పగటి వేడి 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 25 కంటే కిందికి దిగకపోతే పుప్పొడి చెడిపోతుంది. పువ్వు కాడతో సహా రాలిపోతుంది. పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ అనే పదార్థం కూడా 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారు కాదు. వేసవి పండు తొడిమ చుట్టూ పసుపుపచ్చగా ఉండిపోవడం అందుకే.

మన ఊళ్ళో రాత్రులు 20 డిగ్రీల దగ్గరకు దిగేది నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకే. పూత ఆ రోజుల్లో పడాలంటే సెప్టెంబరులో నారు పోయాలి, అక్టోబరులో కుండీలలో నాటాలి. డిసెంబరు సగం నుంచి పండ్లు అందుతాయి. 'డాక్టరు గారూ, ఫిబ్రవరి చివర నాటాను, పూత మొత్తం రాలిపోతోంది, ఏం మందు కొట్టమంటారు?' అని అడిగేవారు నాకు ప్రతి ఏటా తారసపడతారు. దానికి మందు లేదు, నవంబరు ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం కూడా ఉంటుందన్నది నిజమే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అటువంటి రోజున కుండీలను గోడవారకు చేర్చి, కర్రలకు గట్టిగా కట్టుకోవాలి. నేలలో నాటినవారికి లేని సౌకర్యం డాబావారికి ఇదొక్కటే.

ఒక మొక్కకు ఒక కుండీ, అదీ కనీసం 15 లీటర్లు పట్టేది ఉండాలి. చిన్న కుండీలో రెండేసి మొక్కలు నాటితే రెండూ అర్ధాకలితో పెరుగుతాయి. మన నల్లరేగడి పొలంలో బంగారమే గాని, కుండీలో తడిస్తే ముద్దవుతుంది, ఎండితే బీటలు వారి వేళ్ళను తెంపుతుంది. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, కుండీకి గుప్పెడు వేపపిండి కలిపితే చాలు. రోజుకు కనీసం 6 గంటల ఎండ పడాలి. పాత రంగు డబ్బాలు, రసాయనాల డ్రమ్ములు, ముఖ్యంగా పురుగుమందుల డబ్బాలు కుండీలుగా వాడకండి. ఎన్నిసార్లు కడిగినా అవి వంటింటి పంటకు పనికిరావు.

నీటి విషయంలో రెండు మాటలు చెప్పాలి. మొదటిది, ఆర్.ఓ. యంత్రం నుంచి బయటకు పోయే నీటిని వృథా చేయడం ఇష్టంలేక మొక్కలకు పోసే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది. ఆ యంత్రం మంచినీటి నుంచి వేరుచేసిన లవణాలన్నీ ఆ నీటిలోనే ఉంటాయి. మన ఊళ్ళో చాలాచోట్ల బోరు నీరే ఉప్పన. అందులోంచి వచ్చిన ఆ నీరు మరీ ఉప్పన. కుండీలో ఉప్పు పోగుపడితే ఆకు అంచులు మాడతాయి. ఆ నీటితో గచ్చు కడుక్కోండి, మొక్కకు మాత్రం కృష్ణా కుళాయి నీరు పోయండి.

రెండోది, కుండీ కింద పెట్టే పళ్ళెం. డాబా పాడవకూడదని పెట్టుకున్న ఆ పళ్ళెంలో నిలిచిన నీరు డెంగీ దోమకు పురిటిగది. ఆ దోమ గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అది పగలు కుడుతుంది, మురికి కాలువలో కాక ఇటువంటి శుభ్రమైన నిలవనీటిలోనే పెరుగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, అంటే సరిగ్గా మీరు నారు పోసి నాటుకునే రోజుల్లోనే డెంగీ కూడా పెరుగుతుంది. పళ్ళేలు తీసేసి కుండీలను ఇటుకల మీద నిలపండి. తీయలేకపోతే వారానికి రెండుసార్లు వాటిని బోర్లించి, గుడ్లు అంటుకుని ఉండే అంచులను పీచుతో రుద్దండి. డాబా మీది కుండీలను చూసి ముచ్చటపడే ముందు నా కన్ను వాటి కిందికి పోతుంది.

ఇక నారు. విత్తనాన్ని సెంటీమీటరు లోతున వేయండి, వారం లోపల మొలుస్తుంది. తడి ఎక్కువైతే మొదలు కుళ్ళి వాలిపోతుంది కనుక నీరు చిలకరించండి, పోయకండి. మొలిచిన రోజు నుంచి నాటేదాకా ఆ నారును దోమ దూరని సన్నని నైలాను వల కింద ఉంచాలి. ఈ వ్యాసంలో ఒక్క పని మాత్రమే చేయగలనంటే ఈ పనే చేయమంటాను. రకం విషయానికి వస్తే, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి ఆర్క రక్షక్ అనే సంకర రకానికి ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు తెగులు అనే మూడింటినీ తట్టుకునే గుణం ఉంది. పాతకాలపు నాటు రకాల పులుపు మీద మక్కువ ఉన్నవారు ఒకటి రెండు కుండీలలో అవి వేసుకోవచ్చు గాని, తొలిసారి పెంచేవారు తట్టుకునే రకంతో మొదలుపెట్టడం మంచిది. 25, 30 రోజుల నారును కాండం సగం దాకా మట్టిలో దిగేటట్లు లోతుగా నాటండి. పూడిన కాండం నుంచి కూడా వేళ్ళు పుడతాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

నాటిన మూడు నాలుగు వారాలకు ఏదో ఒక మొక్క చిగురు దగ్గర ముడుచుకుంటుంది. ఆకులు చిన్నవై, దొన్నెల్లా పైకి వంపు తిరిగి, అంచులు పసుపుపచ్చగా మారుతాయి. మొక్క ఎదుగుదల ఆగి గుబురుగా కూర్చుంటుంది. మిరప చేలు ఎరిగినవారు చూడగానే ముడత అంటారు. చూపు తప్పు కాదు. మిరప, టమాటా, వంగ ఒకే కుటుంబపు మొక్కలు. టమాటాకు ఈ ముడత తెచ్చే వైరస్, మిరపలో ముడత తెచ్చే వైరస్ దగ్గరి చుట్టాలు. రెంటినీ మోసుకొచ్చేది తెల్లదోమే, అదే దోమ పత్తి మీద కూడా బతుకుతుంది. చుట్టూ పత్తి, మిరప పండే నేల మధ్యన ఉన్న ఊరు మనది. మూడంతస్తుల డాబా మీదికి కూడా గాలివాటుకు తెల్లదోమ వస్తుంది.

పొరపాటు చూపులో లేదు, ఆ తరువాత తీసుకునే నిర్ణయంలో ఉంది. చేలో ముడతకు ఏ మందు కొడతారో అదే తెప్పించి ఇక్కడా కొడదామనుకుంటారు. వైరస్ సోకిన మొక్కను ఏ పురుగుమందూ నయం చేయలేదు. మందు దోమను చంపవచ్చు. ఆ దోమ అప్పటికే మొక్కలోకి దించిన వైరస్‌ను తాకనైనా తాకదు. జలుబు చేసినవాడికి యాంటీబయాటిక్ ఇవ్వడంలో ఎంత అర్థముందో ఇందులోనూ అంతే ఉంది. ఇంకా తక్కువే అనాలి, ఎందుకంటే యాంటీబయాటిక్ వల్ల పక్కింటివాడికి ఊపిరాడకుండా పోదు.

కొన్నేళ్ళ కిందట, నేను ఉద్యోగ విరమణ చేసిన తరువాత, ఒక నవంబరు రాత్రి 9 గంటల వేళ మా వెనక వీధి నుంచి ఒక పెద్దాయన వచ్చి తలుపు తట్టాడు. ఆయన బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. 'డాక్టరు గారూ, మా ఇంటావిడకు ఒళ్ళంతా చెమటలు, నోట్లోంచి నీళ్ళు ఊరుతున్నాయి, గుండెపోటేమో ఒకసారి వచ్చి చూడండి' అన్నారు. వెళ్ళి చూస్తే ఆమె చీర తడిసిముద్దయి ఉంది. ఛాతీలో గురగుర శబ్దం, కళ్ళ వెంట ధారలు, చేతి కండరాలు చర్మం కింద సన్నగా అదురుతున్నాయి. కనురెప్ప ఎత్తి చూశాను. కంటిపాపలు సూదిమొనలంత ఉన్నాయి. గుంటూరు ప్రాంతంలో పనిచేసిన ఏ వైద్యుడికైనా ఆ కళ్ళు చూశాక మరో పరీక్ష అక్కరలేదు.

'అమ్మా, ఈవేళ ఏ మందు ముట్టుకున్నారు?' అని అడిగాను. సాయంత్రం డాబా మీద టమాటా మొక్కలకు మందు కొట్టిందట. ఊరి నుంచి అల్లుడు పంపినది, మిరపకు కొట్టగా మిగిలింది. శీతలపానీయం సీసాలో పోసి ఇచ్చారు, చీటీ లేదు, పేరు లేదు. చేతిపంపులో నీళ్ళు పోసి, 'అంతా కలిపి మూడు మూతలేగా' అని కలిపింది. గాలి ఎదురు వీస్తోంది. తుంపర చేతుల మీద, చీర మీద పడింది. ఆ చీరతోనే వంట చేసింది, ఆ చీరతోనే మూడేళ్ళ మనవరాలిని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

చీర మార్పించి, చేతులకు ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, సబ్బు పెట్టి ఒళ్ళు, జుట్టు, గోళ్ళ సందులు కడిగించాం. మనవరాలికి కూడా స్నానం చేయించి, ఇద్దరినీ 108లో ఆసుపత్రికి చేర్చాం. పాపకు ఏమీ కాలేదు. రాత్రంతా కనిపెట్టి పంపించారు. ఆమెకు మాత్రం అట్రోపిన్ గంటలకొద్దీ ఎక్కించవలసి వచ్చింది. అది ఎక్కేటప్పుడు నోరెండిపోయి, మనిషి కలవరించినట్లు మాట్లాడుతుంది. రెండు రోజులు ఆమె భర్తను గుర్తుపట్టలేదు. ఆరో రోజు ఇంటికి వచ్చింది. నేను డాబా ఎక్కి ఆ మొక్క చూశాను. వైరస్ ముడత, నూటికి నూరుపాళ్ళు. ఆ మందు సముద్రమంత పోసినా విప్పలేని ముడత అది.

ఆ ఇల్లాలు నిర్లక్ష్యపు మనిషి కాదు. ఇంట్లో పాలగిన్నె మూత సరిగా లేకపోయినా ఊరుకోని మనిషి. మన ప్రాంతంలో పురుగుమందు అనేది ఉప్పు, నూనెలంత మామూలు వస్తువైపోవడమే ఇక్కడి చిక్కు. 1980 తరువాత పత్తి మీదికి సింథటిక్ పైరిథ్రాయిడ్లు అనే కొత్త మందులు వచ్చాయి. మొదట్లో అద్భుతంగా పనిచేశాయి. విచ్చలవిడిగా వాడగా, వాటి శత్రుకీటకాలు చచ్చి తెల్లదోమ విజృంభించింది. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు ఆ మందులకు లొంగడం మానేసింది. గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి రైతులు అప్పులపాలై, ఆ మందే తాగి ప్రాణాలు తీసుకున్న రోజులవి. వార్డులలో ఒకే రాత్రి ముగ్గురు నలుగురికి అట్రోపిన్ ఎక్కించిన నా తరం వైద్యులు ఆ కాలాన్ని మరువలేరు. 2021-22లో నల్ల తామర పురుగులు మిరపను తుడిచిపెట్టినప్పుడు కూడా రైతు వారానికి రెండు మూడుసార్లు మందు కొట్టాడు. ఇన్నేళ్ళు ఇంత దగ్గరగా ఉన్న వస్తువంటే భయం పోవడం సహజం.

ఈ మందులలో పెద్ద కుటుంబం ఆర్గానోఫాస్ఫరస్ రసాయనాలది. మన నరాలు ఒకదానికొకటి, కండరాలకు సందేశం పంపేటప్పుడు ఎసిటైల్ కోలిన్ అనే పదార్థం విడుదలవుతుంది. పని కాగానే దాన్ని విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంది. ఈ మందు ఆ ఎంజైమును బంధిస్తుంది. అప్పుడు సందేశం ఆగదు; గ్రంథులన్నీ ఊరుతూనే ఉంటాయి, ఊపిరితిత్తుల గొట్టాలు నీటితో నిండుతాయి, కండరాలు అదిరి అదిరి చివరకు చచ్చుబడతాయి. పురుగును చంపే విధానమూ ఇదే, మనిషిని చంపే విధానమూ ఇదే. తాగితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. చర్మం గుండా కూడా ఇది లోపలికి పోతుంది. తడిసిన బట్ట ఒంటి మీద ఉన్నంతసేపూ పోతూనే ఉంటుంది.

పొలంలో కొట్టుకునే మందు ఇంట్లో ఎందుకు కొట్టకూడదని మీరు అడగవచ్చు. మొదటి కారణం కొలత. సీసా మీద మోతాదు ఎకరానికి రాసి ఉంటుంది. మీ చేతిపంపు పట్టేది లీటరు. మూతతో కొలిచేది కొలత కాదు. రెండో కారణం కోత. మందు కొట్టిన తరువాత కొన్ని రోజులు ఆగి కాయ కోయాలన్న నియమం ఉంది. ఇంటి మొక్కకు పండ్లు రోజుకొకటి చొప్పున పండుతాయి. రోజూ కోసే మొక్కకు ఆగే రోజులు ఎక్కడివి? కడిగితే పోతుందంటారేమో, మొక్క లోపలికి ఇంకిపోయే రకం మందులు పైపైన కడిగితే పోవు. అటువంటి మందుల్లో ఒకటైన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. పత్తికి కొన్న సీసా వంకాయ మీదికి పోకుండా ఆ నిషేధం ఆపగలిగిందా అంటే, చేలగట్ల మీద తిరిగినవారికి జవాబు తెలుసు.

అదే మోనోక్రోటోఫాస్ 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనంలో కలిసింది. వంటనూనెలో ఆ మందు ఉన్నట్లు పరీక్షలో తేలింది. 23 మంది పిల్లలు చనిపోయారు. అందుకే వేరే సీసాలోకి పోసిన మందు అంటే నాకు వణుకు. అసలు డబ్బా మీద వజ్రాకారపు గుర్తు ఒకటి ఉంటుంది. దాని కింది సగం ఎరుపు అయితే అత్యంత విషం, పసుపు అయితే తీవ్ర విషం, నీలం అయితే మధ్యరకం, ఆకుపచ్చ అయితే తక్కువ విషం. సీసా మార్చగానే ఆ గుర్తు పోతుంది, మందు పేరు పోతుంది. రోగిని ఎదుట పెట్టుకున్న వైద్యుడికి కావలసిన సమాచారం మొత్తం పోతుంది.

ఒకవేళ మీ ఇంట్లో ఎవరికైనా ఇటువంటిది జరిగితే, ముందు బట్టలు తీసేసి సబ్బునీళ్ళతో కడగండి, కడిగేవారు చేతులకు సంచులైనా తొడుక్కోండి. తాగి ఉంటే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, పాలు, నూనె, చింతపండు రసం ఏదీ పట్టకండి. స్పృహ సరిగా లేనివారిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 108కి ఫోను చేయండి. మందు డబ్బా కూడా వెంట తీసుకువెళ్ళండి. లక్షణాలు గంటల తరువాత కూడా మొదలు కావచ్చు కనుక 'బాగానే ఉంది కదా' అని ఇంట్లో ఉంచుకోకండి.

మరి ముడుచుకున్న మొక్కను ఏం చేయాలి? పీకేయండి. ప్లాస్టిక్ సంచిలో మొక్కను మూసి, మూతి కట్టి, ఆ తరువాతే డాబా దించండి. లేకపోతే దాని మీది దోమ పక్క మొక్క మీదికి ఎగురుతుంది. మనసు ఒప్పదని తెలుసు. పది మొక్కలలో రెండు పోతే ఎనిమిది మిగులుతాయి. ఉంచితే పదీ పోతాయి. దోమ రాకడ తెలుసుకోవడానికి పసుపు రంగు జిగురు అట్టలు కట్టుకోండి, ఆకుల అడుగున చూస్తూ ఉండండి. కాయకు గుండ్రని రంధ్రం చేసి తల లోపల పెట్టుకుని తినే పురుగు కనిపిస్తే, అది మన పత్తి రైతును ఏడిపించిన శనగపచ్చ పురుగే. డాబా మీద దాన్ని చేతితో ఏరడం ఐదు నిమిషాల పని. బంతిమొక్కలు రెండు పక్కన పెడితే అది ముందు బంతిపూల మీద గుడ్లు పెడుతుంది. పొలాలలో 16 వరుసల టమాటాకు ఒక వరుస బంతి వేయమని శాస్త్రజ్ఞులు చెప్పే పద్ధతి ఇదే.

వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కాస్త సబ్బునీరు కలిపి సాయంత్రం వేళ ఆకుల అడుగున చల్లవచ్చు. వేప కనుక పసిపిల్లలకు కూడా మంచిదేనన్న భ్రమ మాత్రం వద్దు. వేపనూనె తాగించిన పసిబిడ్డలకు మూర్ఛలు వచ్చి, మెదడు దెబ్బతిన్న సందర్భాలు వైద్య గ్రంథాలలో ఉన్నాయి. దాన్ని కూడా పిల్లల చేతికి అందని చోటే ఉంచండి.

కాయ అడుగుభాగం నల్లబడి, తోలులా గట్టిపడి కుళ్ళడం మరో సాధారణ ఫిర్యాదు. ఇది పురుగూ కాదు, తెగులూ కాదు. కాయకు కాల్షియం అందకపోవడం. వెంటనే గుడ్డుపెంకులు పొడి చేసి వేస్తారు. అవి మట్టిలో కరగడానికి నెలలు పడుతుంది. అసలు మట్టిలో కాల్షియం లేకపోవడం చాలా అరుదు. కాల్షియం వేరు నుంచి కాయకు నీటితోనే ప్రయాణం చేస్తుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు బకెట్టు కుమ్మరిస్తే ఆ ప్రయాణం తెగుతుంది. రోజూ ఉదయం ఒకే వేళకు, ఒకే కొలతలో నీరు పోసి, కుండీ మీద ఎండుటాకులు పరవండి. తరువాత వచ్చే కాయలు బాగుంటాయి.

మధుమేహం ఉన్నవారికి ఒక మాట. డాబా మీద చెప్పులు లేకుండా తిరగవద్దు. స్పర్శ తగ్గిన పాదానికి తీగముక్క గుచ్చుకున్నా తెలియదు. ఎండకాగిన గచ్చు బొబ్బలెక్కించినా తెలియదు. పశువుల ఎరువులో, మట్టిలో ధనుర్వాతపు సూక్ష్మజీవులు ఉంటాయి కనుక చేతులకు తొడుగులు వేసుకోండి. పదేళ్ళకొకసారి ధనుర్వాతం టీకా వేయించుకోవాలన్నది పిల్లలకే కాదు, 70 ఏళ్ళ తోటమాలికీ వర్తిస్తుంది.

ఇంత శ్రమపడి పండించిన పండు తినడానికి కూడా కొందరు జంకుతారు. గింజల వల్ల మూత్రపిండాలలో రాళ్ళు వస్తాయన్న మాట మన ఇళ్ళలో బలంగా పాతుకుపోయింది. టమాటా గింజ రాయిగా మారదు. రాళ్ళకు కారణమయ్యే ఆక్సలేటు పాలకూరలో ఉన్నదానితో పోలిస్తే టమాటాలో అత్యల్పం. రోజూ చాలినన్ని నీళ్ళు తాగని వ్యక్తి టమాటాను నిందించి ప్రయోజనం లేదు. మూత్రపిండాల పని బాగా తగ్గి, పొటాషియం తగ్గించమని వైద్యుడు చెప్పినవారు మాత్రం కొలతగా తినాలి. 100 గ్రాముల టమాటాలో దాదాపు 240 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. పచ్చిగా తింటే సి విటమిను ఎక్కువ అందుతుంది, నూనెలో మగ్గిస్తే లైకోపీన్ బాగా ఒంటబడుతుంది. కనుక రెండు విధాలా తినండి. నిలవ పచ్చడి విషయంలో మాత్రం గుంటూరువాడినై ఉండి కూడా గట్టిగా చెబుతున్నాను: రోజుకు 5 గ్రాముల ఉప్పు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే, రక్తపోటు ఉన్నవారు ప్రతి ముద్దకూ పచ్చడి నంజుకోవడం తగదు. కొత్త పండుతో అప్పటికప్పుడు రోట్లో నూరిన పచ్చడికి అంత ఉప్పు అక్కరలేదు.

చిలుకలు, ఉడుతలు మీకంటే ముందే లేస్తాయి కనుక పండు పూర్తిగా ఎర్రబడేదాకా మొక్కన ఉంచనక్కరలేదు. అడుగున లేత గులాబీ రంగు తిరగగానే కోసి, వంటింట్లో గాలి తగిలేచోట ఉంచితే రెండు మూడు రోజులకు చక్కగా పండుతుంది. పండకముందే ఫ్రిజ్జులో పెడితే ఆ చలికి రుచి, వాసన రెండూ పోతాయి.

మార్చి వచ్చి పూత రాలడం మొదలయ్యాక మొక్కను బతికించాలని పాకులాడకండి, హార్మోను మందులూ చల్లకండి. పీకి, కుండీ మట్టిని డాబా మీద పలచగా పరిచి, తడిపి, పైన పలచని ప్లాస్టిక్ కాగితం కప్పండి. ఏప్రిల్, మే ఎండలు మట్టిలోని తెగుళ్ళను చాలావరకు అవే తగ్గిస్తాయి. ఆ మట్టిలో మరుసటి ఏడు మళ్ళీ టమాటా గాని, మిరప గాని, వంగ గాని వేయకుండా, వానలు పడగానే గోంగూర చల్లుకోండి.